మొర్తిరోలో మీద ఎదురుచూపు

1999 జూన్ 5, శనివారం. ఇటలీ ఆల్ప్స్‌లో మొర్తిరోలో ఘాట్ రోడ్డు పొడవునా జనం. సైకిల్ రేసు చూడ్డానికి వచ్చేవాళ్లకు టికెట్టు ఉండదు, కుర్చీ ఉండదు. ముందురోజే కొండెక్కి, రాత్రి చలికి అక్కడే పడుకుని, తారు మీద తమవాడి పేరు పెయింటుతో రాసుకుంటారు. మర్నాడు అతను కళ్లముందు నుంచి దాటిపోయే నాలుగైదు క్షణాల కోసమే ఇదంతా. ఆ రోజు ఆ రోడ్డు మీద ఎటు చూసినా మార్కో పాంతాని పేరే. రేసులో అందరికన్నా ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీ అతని ఒంటి మీదే ఉంది. రెండో స్థానంలో ఉన్న పావొలో సవొల్దెల్లి అయిదున్నర నిమిషాలకు పైగా వెనకబడి ఉన్నాడు. ఇక మిగిలింది ఈ కొండ, మర్నాడు మిలాన్‌లో ముగింపు. వరుసగా రెండో ఏడాది ఈ రేసు, జిరో దితాలియా, పాంతానిదే అని అందరూ ఖాయం చేసుకున్నారు.

పొద్దున పది దాటాక రేడియోల్లో వార్త వచ్చింది. మదొన్నా ది కాంపీలియోలోని హోటల్లో తెల్లవారగానే రైడర్లకు రక్తపరీక్ష చేశారు. రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే హెమటోక్రిట్ పాంతానికి 52 శాతం వచ్చింది. హద్దు 50. అతన్ని రేసు నుంచి తప్పించారు. అతని జట్టు జట్టంతా రేసు వదిలేసింది. సవొల్దెల్లి తనకు దక్కిన గులాబీ జెర్సీని వేసుకోనని మామూలు జెర్సీతోనే బయల్దేరాడు. ఎక్కాల్సినవాళ్లు కొండ ఎక్కారు, ఇవాన్ గొత్తి జెర్సీ అందుకున్నాడు, మర్నాడు మిలాన్‌లో కప్పూ అతనే ఎత్తాడు. మొర్తిరోలో మీద కాచుకున్న జనం ఎదురుచూసిన మనిషి మాత్రం రాలేదు. ఒకరకంగా చెప్పాలంటే ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

అంతకు సరిగ్గా అయిదేళ్ల ముందు, 1994 జూన్ 5న, ఇదే మొర్తిరోలో పాంతానిని లోకానికి పరిచయం చేసింది. అప్పటికి అతనికి 24 ఏళ్లు. పోటీలో ఉన్నది మిగెల్ ఇందురాయిన్, వరుసగా మూడు టూర్ ద ఫ్రాన్స్‌లు గెలిచిన స్పెయిన్ దిగ్గజం. గులాబీ జెర్సీలో ఉన్నది రష్యా కుర్రాడు యెవ్గెనీ బెర్జిన్. ఇద్దరినీ కొండ మీద వదిలేసి పాంతాని ఒక్కడే వెళ్లిపోయాడు. ఆ జిరోలో అతను రెండో స్థానంలో, ఇందురాయిన్ మూడో స్థానంలో నిలిచారు. నెల తిరక్కుండా మొదలైన టూర్‌లో పాంతాని మూడో స్థానం సంపాదించాడు.

ఇంత కొండలెక్కేవాడు పెరిగింది మాత్రం సముద్రం ఒడ్డున. ఆడ్రియాటిక్ తీరంలో చెజెనాతికో అనే ఊరు. తండ్రి ప్లంబరు. పాంతాని 57 కిలోలు దాటని బక్కపలచటి మనిషి. చెవులు పెద్దవని మొదట్లో చిన్న ఏనుగు అని ఆటపట్టించేవాళ్లు. జుట్టు త్వరగా రాలిపోయింది. మిగిలిందీ గొరిగించుకుని, తలకు గుడ్డ కట్టి, చెవికి రింగు పెట్టాడు. దాంతో సముద్రపు దొంగ అన్న పేరు స్థిరపడిపోయింది. ఎటాక్ చేయబోయే ముందు ఆ తలగుడ్డ లాగి రోడ్డు పక్కకి విసిరేసేవాడు. టీవీలో అది చూడగానే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చేవాళ్లని ఇటలీవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రోడ్డు రేసులు ఏళ్ల తరబడి చూసేవాళ్లకి చివరికి ఎక్కుడు రైడర్ల మీదే ప్రేమ ఎందుకు నిలుస్తుందో చెప్పాలి. చదునైన రోడ్డు మీద గుంపులో దాక్కోవచ్చు. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాడు సగం శ్రమతో నెట్టుకురావచ్చు. కొండ మీద వేగం తగ్గుతుంది, గాలి చాటు పెద్దగా పనికిరాదు. ఎవడి బరువు వాడు మోయాల్సిందే. పాంతాని ఎక్కే తీరు ఇంకెవరికీ లేదు. హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని, సీటు మీంచి లేచి నిలబడి, కొండ ఎక్కుతున్నట్టు కాకుండా చివరి రెండొందల మీటర్ల పరుగు పందెంలో ఉన్నట్టు తొక్కేవాడు. కొండల మీద ఎందుకంత వేగంగా వెళతావని జాన్ని మూరా అనే పాత్రికేయుడు అడిగితే, తన నరకయాతన త్వరగా ముగించుకోవడానికి అన్నాడట. ఆ మాటలో నాకు ఎప్పుడూ గొప్పలు వినిపించలేదు.

దురదృష్టం ముందునుంచీ వెంటే ఉంది. 1995 అక్టోబరులో మిలాన్–టొరీనో రేసు. దిగుడులో వేగంగా వస్తుంటే, మూసి ఉండాల్సిన దారిలోకి ఎదురుగా ఒక జీపు వచ్చింది. ఎడమకాలి రెండెముకలూ విరిగాయి. మళ్లీ నడుస్తాడా అన్న చోట నుంచి మళ్లీ రేసులోకి వచ్చేసరికి చాలా కాలం పట్టింది. 1997 జిరోలో ఒక నల్లపిల్లి రోడ్డుకి అడ్డం పడి, దాని వల్ల కిందపడి ఇంటికి పోవాల్సి వచ్చింది. ఆ వేసవిలోనే టూర్‌లో ఆల్ప్ ద్యూయెజ్ గెలిచాడు, మూడో స్థానంలో నిలిచాడు. 1998లో జిరో గెలిచాడు. ఆ రేసులో మోంతెకాంపియోనె కొండ మీద పావెల్ తోన్కోవ్‌ని వదిలించుకోవడానికి చేసిన ఎటాక్‌లు చూసితీరాల్సినవి. అయినా పాంతాని అనగానే మనసులోకి వచ్చేది ఆ ఏడాది జులై 27.

టూర్‌లో ఆ రోజు స్టేజీ గ్రెనోబుల్ నుంచి లే ద్యూ ఆల్ప్ వరకు. టూర్‌లో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ జర్మనీకి చెందిన యాన్ ఉల్‌రిక్‌ది. పాంతాని అతనికి మూడు నిమిషాలు వెనక ఉన్నాడు. చలి, పొగమంచు, ఆగకుండా వాన. 2,600 మీటర్ల పైన ఉన్న గాలిబియే కనుమకి ఇంకా కొన్ని కిలోమీటర్లుందనగా పాంతాని లేచి నిలబడ్డాడు. గమ్యం అక్కడికి దాదాపు 50 కిలోమీటర్లు. అంత దూరం నుంచి ఎవరూ ఎటాక్ చేయరు. చేసినా మధ్యలో చిక్కిపోతారు. కనుమ దాటాక పాంతాని ఆగి వానకోటు తొడుక్కున్నాడు. ఆగితే సెకన్లు పోతాయి. కానీ తడిసిన ఒంటితో దిగితే కాళ్లు బిగుసుకుపోతాయి. వెనక ఉల్‌రిక్ దిగుడులో గడ్డకట్టుకుపోయాడు. పైగా టైరు పంక్చరైంది. చివరి కొండ మీద ఉల్‌రిక్ మొహం ఉబ్బిపోయి, చూపు శూన్యమై కనిపించింది. పాంతాని గీత దాటుతూ చేతులు చాచి కళ్లు మూసుకున్నాడు. ఉల్‌రిక్ దాదాపు తొమ్మిది నిమిషాల తర్వాత వచ్చాడు. 1965లో ఫెలీచె జిమొంది తర్వాత టూర్ గెలిచిన తొలి ఇటలీ రైడర్ పాంతానే. ఒకే ఏడాది జిరో, టూర్ రెండూ గెలవడం ఆ తర్వాత ఎవరికీ సాధ్యపడలేదు, 2024లో తాదేయ్ పొగాచర్ గెలిచేదాకా.

అదే టూర్‌లో ఇంకొకటి జరిగింది. ఫెస్తీనా జట్టు కారు నిండా మందులతో సరిహద్దు దగ్గర దొరికింది. పోలీసులు హోటళ్ల మీద దాడులు చేశారు. రైడర్లు రోడ్డు మీద కూర్చుని ధర్నా చేశారు. ఈ ఆట లోపల ఏం జరుగుతోందో లోకానికంతా తెలిసిపోయింది. అలాంటి టూర్‌ని పాంతాని కాపాడాడని పత్రికలు రాశాయి. ఒక మనిషి మీద అంత భారం పెట్టకూడదు.

ఆ మందుల్లో ఒకదాని పేరు ఈపీవో. కిడ్నీ రోగుల రక్తం పెంచడానికి తయారైన హార్మోను. రక్తంలో ఎర్రకణాల వాటాను పెంచుతుంది. మన రక్తపరీక్ష రిపోర్టుల్లో పీసీవీ అని ఉంటుందే, హెమటోక్రిట్ అంటే అదే. మగవాళ్లలో మామూలుగా 45 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఈపీవోని పట్టుకునే పరీక్ష అప్పటికి లేదు. అందుకని 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 50 శాతం హద్దు పెట్టింది. దాటితే డోపింగ్ అనేవాళ్లు కాదు, ఆరోగ్యం కోసమంటూ 15 రోజులు విశ్రాంతి ఇచ్చేవాళ్లు. అంటే 49 దాకా తెచ్చుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు. హోటల్ గదుల్లో సొంత యంత్రాలు పెట్టుకుని అంకె చూసుకునేవాళ్లు. ఆ ఏర్పాటు తెలియని జట్టు గానీ, అధికారి గానీ ఉన్నారంటే నేను నమ్మను.

1999 జిరోకి తిరిగొద్దాం. కాంపీలియోకి ముందు ఆదివారం, మే 30న, ఒరోపా స్టేజీ. చివరి కొండ మొదట్లోనే పాంతాని సైకిల్ చైన్ ఊడిపోయింది. దిగి, దాన్ని సరిచేసుకునే లోపు రేసంతా ముందుకు పోయింది. జట్టువాళ్లు ఆగి అతన్ని లాగారు. తర్వాత ఒక్కడే. ఆ వీడియో దొరికితే చూడండి. ఒక్కొక్కరినీ దాటుతుంటాడు, పక్కకి చూడడు. పెద్ద పెద్ద పేర్లున్నవాళ్లు కూడా అతను పక్కనుంచి పోతుంటే తలెత్తి చూసి ఊరుకుంటారు, వెంటపడరు. 49 మందిని దాటాడు. చివరికి లోరాన్ జలాబేర్‌ని కూడా. గెలిచాక చేతులెత్తలేదు. ముందు ఇంకా ఎవరైనా ఉన్నారేమో అనుకున్నాడంటారు. ఆ తర్వాత అల్పె ది పంపేయాగో, ఆపైన జూన్ 4న కాంపీలియో. ఆ జిరోలో మొత్తం నాలుగు స్టేజీలు ఒక్కడివే.

జూన్ 5 పొద్దున గదిలో కిటికీ అద్దాన్ని పిడికిలితో పగలగొట్టుకున్నాడు. చేతికి కట్టుతో, కారబినియేరి పోలీసుల మధ్య, కెమెరాల తోపులాటలో హోటల్ బయటికి వచ్చాడు. ఒక ఆటగాడు ఆరోగ్య నిబంధన కింద రెండు వారాల విశ్రాంతికి వెళుతున్నట్టుగా లేదు ఆ దృశ్యం. నేరస్థుణ్ని తీసుకెళుతున్నట్టుగా ఉంది.

నిబంధన ప్రకారం రెండు వారాల తర్వాత రేసుకి రావచ్చు. జులైలో టూర్ ఉంది. అతను వెళ్లలేదు. ఇంట్లో తలుపులేసుకున్నాడు. కొకైన్ అలవాటైంది ఆ కాలంలోనే. ఇటలీలోని పలు ఊళ్ల ప్రాసిక్యూటర్లు కేసులు తెరిచారు. 1995లో కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నప్పటి రక్తం లెక్కలు కూడా తవ్వితీశారు.

2000 టూర్‌లో ఒక్కసారి మళ్లీ మెరిశాడు. వాంతూ కొండ మీద లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కపక్కనే వచ్చి చివర్లో గెలుపు పాంతానికి వదిలేశాడు. ఆ తర్వాత తానే ఇచ్చానని చెప్పుకున్నాడు. ఒరోపాలో చైన్ ఊడినా గెలిచినవాడికి అది బిచ్చం వేసినట్టే తగిలింది. మూడు రోజులకు కూర్షెవెల్‌లో అందరినీ వదిలేసి ఒక్కడే గెలిచాడు. ఆ కోపంలోనే మళ్లీ మోర్జీన్ స్టేజీలో తొలి కొండలోనే ఎటాక్ చేసి, కడుపు చెడి, నిమిషాలకు నిమిషాలు పోగొట్టుకుని, మర్నాడు రేసు వదిలేశాడు. కూర్షెవెలే అతని ఆఖరి గెలుపు.

మిగిలింది చకచకా చెప్పేస్తాను, ఆగి చూడాలనిపించదు. 2001 జిరోలో శాన్‌రేమో హోటళ్ల మీద పోలీసు దాడి జరిగింది. అతని గదిలో ఇన్సులిన్ ఆనవాళ్లున్న సిరంజి దొరికిందన్నారు, సస్పెన్షన్ పడింది. 2003 జిరోలో 14వ స్థానం. ఆ రేసు చివర్లో కాస్కాతా దెల్ తోచె ఎక్కుడులో ఒకసారి లేచి నిలబడి ముందుకు ఉరికాడు, కాసేపటికే చిక్కాడు. అదే ఆఖరి ఎటాక్. నెల తిరక్కుండా డిప్రెషన్‌తో క్లినిక్‌లో చేరాడు. 2004 ఫిబ్రవరి 14న రిమినిలో, సొంతూరికి పాతిక కిలోమీటర్ల దూరంలో కూడా లేని ఒక చవక హోటల్ గదిలో, ఒంటరిగా చనిపోయి కనిపించాడు. కొకైన్ మోతాదు మించిందని శవపరీక్ష తేల్చింది. 34 ఏళ్లు. చెజెనాతికోలో అంత్యక్రియలకు వేలాది మంది వచ్చారు.

అది హత్యేనని, కాంపీలియోలో రక్తనమూనా మార్చారని, వెనక పందేల మాఫియా ఉందని కుటుంబం ఏళ్ల తరబడి పోరాడింది. విచారణలు మళ్లీ తెరిచారు, మళ్లీ మూసేశారు. అతని తల్లి కోరిక నాకు అర్థమవుతుంది. కానీ కుట్ర ఉంటేనే అన్యాయం జరిగినట్టా?

2013లో ఫ్రాన్స్ సెనేట్ నివేదిక వచ్చింది. 1998 టూర్ నమూనాలను తర్వాత పరీక్షిస్తే పాంతానికీ, ఉల్‌రిక్‌కీ ఈపీవో ఉందని తేలింది. అంటే గాలిబియే మీద నేను ప్రాణంలా దాచుకున్న ఆ వాన రోజులో మందు ఉంది. దాన్ని కాదనను. వెనకబడినవాడి రక్తంలోనూ ఉంది. 1999 నుంచి 2005 వరకు ఏడు టూర్లు గెలిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ రక్తంలోనూ ఉంది. ఆ రోజుల్లో మందు వాడినవాళ్లలో కొందరు తర్వాత ఒప్పుకుని, పుస్తకాలు రాసి, జట్ల కార్లు నడిపి, టీవీల్లో వ్యాఖ్యానం చెప్పారు. ఆట మొత్తం చేసిన తప్పుకి ఒకడు గదిలో ఒంటరిగా మూల్యం చెల్లించాడు. రోడ్డు పక్కన నిలబడి ఇంకా వేగంగా, ఇంకా వేగంగా అని అరిచిన మన అభిమానులకూ అందులో భాగముంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ టైటిళ్లు 2012లో రద్దయ్యాయి. 1998 విజేతగా పాంతాని పేరు మాత్రం ఇప్పటికీ పట్టికలో ఉంది. తీసేయాలనే వాదనలున్నాయి. తీసేస్తే ఆ సంవత్సరం ఎవరి పేరు రాస్తారో ఆ వాదించేవాళ్లు చెప్పాలి. నా మట్టుకు నాకు ఆ పేరు అక్కడే ఉండాలి, నమూనాల సంగతీ దాని పక్కనే ఉండాలి.

2004 నుంచి జిరో నిర్వాహకులు ఏటా ఒక కొండను పాంతాని కొండగా ప్రకటిస్తున్నారు. రేసు మే నెలలో. ఇటలీలో సాయంత్రం అయిదు దాటాక స్టేజీ ముగుస్తుంది కాబట్టి మనకది రాత్రి తొమ్మిదికి అటూ ఇటూ అవుతుంది. ఆ ఒక్క రోజైనా, వీలు చేసుకుని చూడండి.