ఎన్నికల ఖర్చు లెక్క: అందరికీ తెలిసిన అబద్ధం

రాజకీయాల్లో అబద్ధం అనగానే నెరవేరని హామీలు గుర్తొస్తాయి. ఈ వ్యాసం పరిశీలించేది వేరొకటి: సంతకం చేసి, ప్రమాణపత్రం జతచేసి ప్రభుత్వానికి అప్పగించే అబద్ధం. ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) 78వ సెక్షన్ ప్రకారం గెలిచినా ఓడినా ప్రతి అభ్యర్థీ ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా తన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి.

ఆ లెక్క రాసే రిజిస్టరు కట్టుదిట్టంగానే కనిపిస్తుంది. తెల్ల కాగితాల్లో రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల్లో నగదు, పసుపు కాగితాల్లో బ్యాంకు లావాదేవీలు. కుర్చీ అద్దె, షామియానా, టీ, భోజనం, అన్నింటికీ జిల్లా యంత్రాంగం ముందే ధర ఖరారు చేస్తుంది. ప్రచారకాలంలో కనీసం మూడుసార్లు తనిఖీ జరుగుతుంది. వ్యయ పరిశీలకుల దగ్గరుండే ఛాయా రిజిస్టరుతో పద్దులు సరిచూస్తారు. ఇంత చేసినా, పోలింగుకు ముందు రాత్రి గడప గడపకూ చేరే నోట్లు ఏ రంగు కాగితంలోకీ ఎక్కవు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తెలిసిన ఖర్చు రిజిస్టరుకు మాత్రం తెలియదు.

అప్పుడప్పుడూ నిజం నోరు జారుతుంది. 2009 ఎన్నికలో తనకు 8 కోట్లు ఖర్చయిందని బీజేపీ నేత గోపీనాథ్ ముండే 2013 జూన్‌లో ముంబయిలో అన్నారు. 2009లో లోక్‌సభ అభ్యర్థికి గరిష్ఠ పరిమితి 25 లక్షలు. ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్ సభాపతి కోడెల శివప్రసాదరావు ఒక టీవీ ముఖాముఖిలో, 1983లో 30 వేలతో ముగిసిన తన ఎన్నిక 2014లో పదకొండున్నర కోట్లకు చేరిందన్నారు. 2014లో అసెంబ్లీ పరిమితి 28 లక్షలు. ఫిర్యాదు కరీంనగర్ కోర్టుకు వెళ్లింది. ఇద్దరూ చిక్కుల్లో పడింది నోరు విప్పినందుకే. అంతే ఖర్చుపెట్టి మౌనంగా ఉన్నవారి జోలికి ఎవరూ పోలేదు. నిజం చెప్పినవాడికే చిక్కు తెచ్చే ఏర్పాటు ఇది. నా దృష్టిలో దీని అసలు హాని ఇదే.

చట్టంలోని సందులు చూస్తే ఈ స్థితి యాదృచ్ఛికం కాదని తెలుస్తుంది. అభ్యర్థి కోసం పార్టీ చేసిన ఖర్చునూ అతని లెక్కలోనే చూడాలని కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 1974 అక్టోబరులో తేల్చింది. ఆ ఏడాది ముగిసేలోగానే పార్టీ ఖర్చును మినహాయిస్తూ చట్టానికి వివరణ చేర్చి ఆ తీర్పును నిర్వీర్యం చేశారు. 2003లో ఆ మినహాయింపును కుదించినా, పార్టీల మొత్తం ఖర్చుకు నేటికీ పరిమితి లేదు. పరిమితి మించడం అవినీతి చర్యే కానీ, తప్పుడు లెక్క చూపడం ఒక్కటే ఆ కోవలోకి రాదని శివరామగౌడ కేసులో అదే న్యాయస్థానం చెప్పింది. గడువుల సంగతి మరీ విచిత్రం. ఎన్నికను సవాలు చేసే పిటిషన్ ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా వేయాలి. లెక్క చేతికందడానికే 30 రోజులు పోతే, పద్దులు చదివి సాక్ష్యం కూడగట్టుకోవడానికి ఓటరుకు మిగిలేది పక్షం రోజులు. ముండే మాట బయటికొచ్చేనాటికి నాలుగేళ్లు గడిచాయి.

2022లో పెద్ద రాష్ట్రాల్లో పరిమితిని లోక్‌సభకు 95 లక్షలకు, అసెంబ్లీకి 40 లక్షలకు పెంచారు. అంకె పెంచినంత మాత్రాన లెక్క నిజం కాదు. పార్టీ ఖర్చుకూ హద్దు పెట్టాలి. తప్పుడు లెక్కను అనర్హతకు స్పష్టమైన కారణంగా చేర్చాలి. పిటిషన్ గడువును లెక్క ప్రజలకు అందిన రోజు నుంచి మొదలుపెట్టాలి. ఈ మూడింటిలో దేనికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పార్లమెంటులో సాధారణ మెజారిటీ చాలు.