ఆళ్లగడ్డ పిల్లోళ్ల ఆల్బమ్: గుమ్మెట నుంచి గిటార్ దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధం కొంచెమే ఉంది. ఈసారి పాటల చరిత్ర. నలుగురు కుర్రోళ్లు కూడి సొంతంగా పాట కట్టి, రికార్డు చేసి, ఆల్బమ్ అని జనం ముందు పెట్టడం ఎక్కడ మొదలైంది, మన దగ్గర ఎందుకింత లేటయింది అనేది ఇవాల్టి కథ.

దీనికి కారణం ఒక ఫోన్ కాల్. పోయిన నెల రాత్రి పదింటికి ఆళ్లగడ్డ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. వాడికి ఇరవై ఏళ్లు. వాళ్ల నాయన రాతి శిల్పాల పని చేస్తాడు. వాడు, ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నారు. రెండు గిటార్లు, ఒక కీబోర్డు, ఒక కహోన్. కహోన్ అంటే కూర్చుని వాయించే చెక్కపెట్టె. ఆరు పాటలు రికార్డు చేసినారు, పాప్ రాక్ స్టైల్లో. బయట రోడ్డు మీద ఉలి సప్పుడు ఆగినాక, అంటే రాత్రి తొమ్మిది దాటినాక, మిద్దె మీది గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి పాడినారంట.

"అన్నా, పాటలు ఇన్నోళ్లంతా బాగుండాయి అంటాండారు. కానీ ఒకాయన మాత్రం యాస మార్చాలన్నాడు. యాడికి పోతాండావ్ అంటే ఈడ తప్ప యాడా అర్థం కాదంట. ఎక్కడికి వెళ్తున్నావ్ అని మళ్లీ పాడమన్నాడు. ఏం చేద్దామన్నా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకు రాలేదో చివర్లో చెప్తా. ముందు చరిత్రలోకి పోదాం.

అసలు ఆల్బమ్ అనే మాట ఎక్కడిది? మనకి ఆల్బమ్ అంటే పెళ్లి ఫొటోలు గుర్తొస్తాయి. నిజంగానే సంబంధం ఉంది. పాత గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలే పాడేది. పెద్ద సంగీతం వినాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. వాటిని ఫొటోల పుస్తకంలాగా అట్ట సంచుల్లో పెట్టి, కుట్టి అమ్మేవాళ్లు. దానికే ఆల్బమ్ అని పేరు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్‌పీ తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన పాడుతుంది. పుస్తకం పోయింది, పేరు మిగిలింది. ఇవాళ మన ఫోన్‌లో అట్టా లేదు, రికార్డూ లేదు, అయినా ఆల్బమ్ అనే అంటున్నాం.

పాట మూడు నాలుగు నిమిషాలే ఎందుకుండాలి అని ఎప్పుడైనా అనుకున్నారా? దాని వెనక కూడా ఆ పాత రికార్డే ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డింగ్ ఇచ్చినప్పుడు, గంటసేపు పాడగలిగే మనిషి రాగాన్ని మూడు నిమిషాలకి కుదించి పాడాల్సి వచ్చింది. చివర్లో తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. మిషన్ వచ్చి పాట సైజు మార్చేసింది. ఇప్పుడు రీల్ వచ్చి ముప్పై సెకండ్లు చేసింది. గొడవ కొత్తదేం కాదు.

ఇక బ్యాండ్ సంగతి. బాయ్ బ్యాండ్ అనగానే మీలో చాలామందికి కొరియా వాళ్లు గుర్తొస్తారు. నేను ఇంకా వెనక్కి, ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ అనే ఓడరేవు ఊరికి తీసుకెళ్తా. బీటిల్స్. 1962 జనవరి 1న వాళ్లు లండన్‌లో డెక్కా అనే కంపెనీకి పాడి వినిపించారు. వద్దన్నారు. గిటార్ బృందాల కాలం అయిపోతోందని చెప్పారని వాళ్ల మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ తర్వాత రాసుకున్నాడు. అదే ఏడు పార్లోఫోన్ కంపెనీలో జార్జ్ మార్టిన్ అవకాశం ఇచ్చాడు.

1963 ఫిబ్రవరి 11. మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' కోసం ఒక్కరోజులో పది పాటలు రికార్డు చేశారు. మిగతా నాలుగు అప్పటికే సింగిల్స్‌గా వచ్చినవి. ఆ రోజుకి జార్జ్ హారిసన్‌కి 19 ఏళ్లు, పాల్‌కి 20, జాన్‌కీ రింగోకీ 22. జాన్ లెనన్‌కి జలుబు. గొంతు చించుకుని పాడాల్సిన పాటని చివరికి పెట్టుకున్నారు, మొదటి టేక్‌నే ఉంచేశారు. ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో 30 వారాలు నంబర్ వన్.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ 14 పాటల్లో 6 వేరేవాళ్ల పాటలు. వాళ్ల పాడే తీరులో అమెరికా వాసన చాలా ఉంది. అంటే బీటిల్స్ కూడా మొదట్లో కొంత అరువు తెచ్చుకున్నారు. కానీ ఎనిమిది పాటలు సొంతంగా రాసుకున్నారు. ఇంటర్వ్యూల్లో లివర్‌పూల్ యాస దాచుకోలేదు. దాంతో, పాడేవాళ్లే రాసుకోవచ్చు, చిన్న ఊరి పిల్లలైనా పర్లేదు అనే ధైర్యం ప్రపంచమంతా పాకింది.

మరి మన దగ్గర? మనకి బ్యాండ్ లేదు, అది పడమటి సరుకు అంటారు. నేను ఒప్పుకోను. బుర్రకథ గుర్తు చేసుకోండి. ముగ్గురు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలు. అటొకరు, ఇటొకరు వంతలు, చేతుల్లో గుమ్మెటలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. లీడ్ సింగర్ ఉన్నాడు, కోరస్ ఉంది, రిథమ్ ఉంది, స్టేజి మీద చిందు ఉంది. దీన్ని బ్యాండ్ అనకపోతే ఇంక దేన్నంటారు?

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళని 1940ల్లో ప్రజానాట్యమండలితో ఊరూరా తిప్పాడు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెప్తూ మధ్యలో అప్పటి రాజకీయం కలిపేవాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. వేల మంది జనం నేల మీద కూర్చుని తెల్లవార్లూ వినేవాళ్లు. టికెట్టు లేదు.

ఇప్పుడు మన ఊళ్ల దగ్గరికి వద్దాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సెక్కితే శిరివెళ్ల మీదుగా పోతాం. ఈ చుట్టుపక్కలే ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల. పాత రేనాడు సీమ. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. పాలెగాళ్ల అధికారాలు తీసేసి నెలకి 11 రూపాయల చిల్లర భత్యం పడేస్తే, అది కూడా సరిగ్గా ఇవ్వలేదనేది ఆ తిరుగుబాటుకి దగ్గరి కారణం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలని ఏళ్ల తరబడి కోట దగ్గర వేలాడదీశారు, జనం భయపడాలని.

జనం ఏం చేశారో తెలుసా? పాట కట్టారు. 2019లో సైరా సినిమా వచ్చేదాకా ఈ కథ బయటి ఊళ్లలో చాలామందికి తెలీదు, కానీ రేనాట్లో 170 ఏళ్లకి పైగా పాటల్లో బతికుంది. తంగిరాల వెంకట సుబ్బారావు గారి లాంటి పరిశోధకులు ఆ వీరగాథలని వెతికి, సేకరించి, రాసిపెట్టారు. అవి ఏ భాషలో ఉన్నాయి? కోయిలకుంట్ల సంతలో మాట్లాడే భాషలోనే. యాస మార్చమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా విని ఉండరు.

ఇంకో సంగతి. ఆళ్లగడ్డ మండలంలోనే అహోబిలం ఉంది. అక్కడి మఠం మొదటి పీఠాధిపతి ఆదివణ్ శఠకోప యతి దగ్గర అన్నమయ్య శాస్త్రం చదువుకున్నాడని చెప్తారు. అన్నమయ్య 32 వేల పాటలు రాశాడని సంప్రదాయం. పండితులు పెద్ద భాష రాసే కాలంలో ఆయన వాడుక మాటలు, పల్లె పాటల వరసలు ధైర్యంగా వాడాడు. తర్వాత ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమలలో ఆ రేకులు వందల ఏళ్లు ఎవరికీ పట్టకుండా ఉండి, 20వ శతాబ్దంలో బయటికొచ్చాయి. 32 వేలల్లో మనకి దొరికింది సగం కూడా కాదు. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఆయన ఎట్లా పాడాడో మాత్రం లేదు. ఇవాళ మనం వినే వరసలు ఎక్కువ భాగం 20వ శతాబ్దం వాళ్లు కట్టినవే.

అంటే పాట నిలబడాలంటే రెండు దారులు. రేకు మీద చెక్కాలి, లేదా జనం నోట్లో పడాలి. రెండూ జరగని పాట పోతుంది.

సరే, రికార్డింగ్ వచ్చాక మన దగ్గర బ్యాండ్‌లు ఎందుకు పుట్టలేదు? నాకు కనపడే పెద్ద కారణం సినిమా. 1935లో శ్రీకృష్ణలీలలు సినిమాలో కృష్ణుడి వేషం వేసిన పిల్లాడు సాలూరు రాజేశ్వరరావు. పెద్దయ్యాక ఆయనా, రావు బాలసరస్వతీదేవీ సినిమాకి సంబంధం లేని లలితగీతాలు గ్రామఫోన్ రికార్డుల మీద ఇచ్చారు. ఇళ్లలో జనం వాటిని అరగదీసి విన్నారు. తెలుగు ఆల్బమ్‌కి తాత ముత్తాతలు అవే. 1952 నుంచి కొన్నేళ్లు సమాచార మంత్రి కేస్కర్ రేడియోలో సినిమా పాటల్ని తొక్కిపెట్టాడు. ఆ కాలంలో లలిత సంగీతానికి ఆకాశవాణి చోటిచ్చింది, విజయవాడలో బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి వాళ్లు దాన్ని పెంచారు. కానీ జనం సిలోన్ రేడియోకి తిప్పుకుని సినిమా పాటలే విన్నారు. 1957లో వివిధ భారతి పెట్టక తప్పలేదు. ఆ తర్వాత తెలుగులో పాటంటే సినిమా పాటే. పాడేవాడి కల, రాసేవాడి కల అన్నీ మద్రాసు రైలెక్కేవి, తర్వాత హైదరాబాద్ బస్సెక్కేవి.

1990ల్లో హిందీలో ఇండీపాప్ వచ్చింది. ఢిల్లీలో యుఫోరియా లాంటి బ్యాండ్‌లు, 2000ల మొదట్లో ముంబైలో ఐదుగురితో 'ఎ బ్యాండ్ ఆఫ్ బాయ్స్'. తెలుగులో 2000లో స్మిత 'హాయ్ రబ్బా' ఆల్బమ్‌తో పాప్ అనే మాట ఇంటింటికీ తెచ్చింది. 2008లో కేరళ నుంచి అవియల్ బ్యాండ్ ఆల్బమ్ వచ్చింది. పక్కా రాక్ గిటార్, పక్కా మలయాళం, జానపదం మాటలు. భాష అర్థం కాని వాళ్లు కూడా విన్నారు. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ తెలుగు వాడుక మాటలతో యూట్యూబ్‌లోనే జనానికి దగ్గరైంది. 2020లో కరోనా మొదట్లో చేతులు కలపొద్దని వాళ్లు చేసిన పాట ఫోన్ ఫోన్‌కీ తిరిగింది. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల తర్వాత డీజే టిల్లు పాటతో సినిమాలో వెలిగాడు. చూడండి, దారి తిరగబడింది. బ్యాండ్ నుంచి సినిమాకి.

ఇప్పుడు నా సంగతి. నేను నంద్యాలలో బీటెక్ చదివేటప్పుడు మాకూ ఒక బ్యాండ్ ఉండేది. నాకు వచ్చింది మూడు కార్డులు, అయినా నేనే లీడ్ గిటార్. ఫెస్ట్‌లలో సినిమా పాటలే వాయించేవాళ్లం. ఒక్కటే సొంత పాట ఉండేది, కుందూ ఏరు మీద. వరదొచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూసే వాళ్ల పాట. మా కీబోర్డు వాడు రాసినాడు, మా ఇళ్లలో మాట్లాడే మాటల్లోనే. కాలేజీ డేకి పాడదామంటే నేనే వద్దన్నా. "రేయ్, ఈ బాసలో పాడితే నవ్వుతార్రా" అన్నా. మాటలు మార్చి ప్రయత్నించినాం. పాట చచ్చిపోయింది. పక్కన పెట్టేసినాం.

తర్వాత నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బెంగళూరు పోయినా. ఎవరి దారి వాళ్లది. రెండేళ్ల కిందట వాడిని అడిగినా, ఆ పాట ఉందా అని. పాత ఫోన్‌లో ఉన్నింది, ఫోన్ పోయింది అన్నాడు. మా ఇద్దరికీ పల్లవి సగమే గుర్తుంది. నరసింహారెడ్డి పాట 170 ఏళ్లు నిలబడింది. చేతిలో ఫోన్ పెట్టుకుని మా పాటని పదేళ్లు కాపాడలేకపోయినాం. దానికి వేరే ఎవరో కారణం కాదు, నేనే.

అందుకే ఆ రాత్రి తమ్ముడికి జవాబు వెంటనే చెప్పలేకపోయినా. రెండు రోజుల తర్వాత బస్సెక్కి ఆళ్లగడ్డ పోయినా. మిద్దె మీద కూర్చుని ఆరు పాటలూ విన్నా. నిజాయితీగా చెప్తున్నా, రెండు పాటల్లో గిటార్ సరిగ్గా ట్యూన్ కాలేదు, ఒకటి అనవసరంగా పొడుగుంది. అది చెప్పినా. యాస గురించి మాత్రం "మాట మార్చొద్దు, మిగతాది బాగు చేయండి. కానీ ఇది మీ పాట, తేల్చుకోవాల్సింది మీరే" అన్నా. కుందూ పాట సంగతి కూడా చెప్పినా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కహోన్ వాయించే పిల్లోడు అన్నాడు, "అన్నా, ఆ సగం పల్లవి పాడు, రికార్డు చేస్తాం." పాడినా. గొంతు బాగాలేదు, అయినా పాడినా. ఇప్పుడు అది మూడు చోట్ల సేవ్ అయి ఉంది.

ఆల్బమ్ వచ్చే నెల పెడతామన్నారు. యాడికి పోతాండావ్ అలాగే ఉంది. ఎన్ని వ్యూస్ వస్తాయో నాకు తెలీదు, వంద కూడా రాకపోవచ్చు.

మీకు ఒక్క పని చెప్తా ఫ్రెండ్స్. ఇవాళ మీ అవ్వ దగ్గరికి పోయి, ఆమెకి గుర్తున్న ఒక పాట పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత దాన్ని ఇంకో రెండు చోట్ల దాచండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.