మామ్మ కాలు, సుబ్బారావు మందు

హెట్రజాన్ అనే బోదకాలు మందు గురించి లోకానికి తెలిసింది 1947లో. అప్పటికే మా మామ్మ ఎడమకాలు మోకాలి దాకా వాచిపోయి ఉంది. ఆ పరిశోధన నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది భీమవరంలో, 1895 జనవరి 12న. మా ఊరు గణపవరం నుంచి భీమవరం ఎంతో దూరం కాదు. అందుకే మా ఇంట్లో ఆ బిళ్లల ప్రస్తావన వస్తే చాలు, "మన భీమవరం ఆయన కనిపెట్టిందే" అనేవారు. మామ్మ నమ్మకంగా మింగింది. కాలు మాత్రం తగ్గలేదు. మందు మంచిదే, మామ్మ వేసుకోవడంలోనూ లోపం లేదు. అయినా ఎందుకు తగ్గలేదో తెలియాలంటే బోదకాలు కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలువల వెంట మా పొలాలకు వచ్చాయి, అన్నం పెట్టాయి. కాలువ నీళ్లను తప్పుపట్టడానికి లేదు. ఈ జబ్బును మోసే క్యూలెక్స్ దోమకి కావలసింది పారే నీరు కాదు, ఇంటి వెనక నిలిచిపోయిన మురుగు. ఊరు పెరిగింది, నీళ్ల వాడకం పెరిగింది, మురుగు పోయే దారి మాత్రం పెరగలేదు. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఇంతగా వేళ్లూనుకోవడానికి ఆ మురుగే పెద్ద కారణమని నేను నమ్ముతాను.

దోమకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నది పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండ్ డాక్టరు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో, రక్తంలో ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలున్న తన తోటమాలిని దోమలచేత కుట్టించి, ఆ దోమల కడుపులు కోసి చూశాడు. పురుగు పిల్లలు అక్కడ ఎదుగుతూ కనిపించాయి. ఒక పురుగు తన జీవితంలో కొంత భాగం దోమలో గడుపుతుందని మొదట చూసినవాడు ఆయనే. ఈ పిల్ల పురుగులు పగలు రక్తంలో పెద్దగా కనబడవు, దోమ కుట్టే వేళకి, నడిరేయికి పైకొస్తాయి. ఫైలేరియా (బోదకాలు) పరీక్షల వాళ్లు లాంతర్లు పట్టుకుని రాత్రి పూట ఇళ్లకొచ్చి నిద్రలేపి మరీ వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లడం అందుకే. మా ఊళ్లో పిల్లలు వాళ్లని చూసి ఏడ్చేవారు.

జబ్బు ఎలా వస్తుందో తెలిసినా మందు కోసం డెబ్బై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఇది పేదల జబ్బు, దీని మీద డబ్బు పెట్టేవాళ్లు లేరు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు వేల సంఖ్యలో ఇదే సోకాక కదలిక వచ్చింది. న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకి అధిపతి అప్పుడు సుబ్బారావు. మనిషికి వచ్చే పురుగును ప్రయోగశాలలో పెంచడం కుదరదు. కానీ అమెరికాలో పత్తి ఎలుకలనే అడవి ఎలుకలకి దాని దాయాది పురుగు సహజంగా పడుతుంది. రెడ్జినల్ హ్యూయిట్ ఆ ఎలుకల మీద రసాయనాలు ఒక్కొక్కటీ పరీక్షిస్తూ పోయాడు. శామ్యూల్ కుష్నర్, తోటి రసాయన శాస్త్రజ్ఞులు కొత్త కొత్త రసాయనాలు తయారుచేసి ఇస్తూ వచ్చారు. పైపరజీన్ వర్గంలోని ఒకటి పనిచేసింది. అదే డైఇథైల్ కార్బమజీన్, హెట్రజాన్ పేరుతో వచ్చింది, మనవాళ్లు డీఈసీ అని పిలిచేది. 1947లో పోర్టోరికోలో రోగులకిచ్చి చూస్తే రక్తంలో పురుగు పిల్లలు చాలా మటుకు మాయమయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు. అమెరికా వెళ్లాక ఆయన మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు. ఆయన మందు మాత్రం మా వీధిలోకి వచ్చింది.

ఆ మందు చంపేది ముఖ్యంగా రక్తంలో తిరిగే పిల్లలను. తల్లి పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతాయి. అవి ఉన్నంత కాలం నాళాలు సాగిపోయి పనికిరాకుండా పోతాయి. ఒంట్లోని నీటిని పైకి లాగే శక్తి పోయాక, పురుగు చచ్చినా కాలు పాత కాలు కాదు. అంటే డీఈసీ మామ్మ నుంచి పక్కింటి పాపకి జబ్బు పోకుండా ఆపగలదు. మామ్మ కాలిని మాత్రం వెనక్కి ఇవ్వలేదు. ఈ సంగతి ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఏళ్ల తరబడి ప్రతి బిళ్లతోనూ కాలు తగ్గుతుందని ఎదురుచూసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి మాత్రం కాదు. రెండు గేదెలు, వాటి నెయ్యి అమ్మకం, వీధిలో ఆడవాళ్ల చీటీపాట లెక్కలు అన్నీ ఆవిడ చేతిమీదే నడిచేవి. ఊడ్పుల్లో బురదలోకి దిగలేకపోయినా గట్టు మీద నిలబడి కూలీల పద్దు చూసుకునేది. ఏటా ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లాల్సిందే. పడవ ఎక్కేటప్పుడు ఎవరైనా చెయ్యి అందించబోతే వద్దనేది కాదు. కుచ్చెళ్లు కిందికి జారవిడిచి కాలు కప్పుకోమని పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అనేవారు. "కాలు నాది, సిగ్గు మీకెందుకే?" అనేది. చెప్పులు బజార్లో దొరకవు గనక కొలతిచ్చి కుట్టించుకునేది, అదీ ఎర్ర పట్టీతో.

ఆవిణ్ణి నిజంగా పడగొట్టింది వాపు కాదు, జ్వరం. గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రగా కాగిపోయి, నాలుగైదు రోజులు వణికించేది. వెళ్లాక వాపు ఇంకాస్త మిగిల్చి పోయేది. అమావాస్యకీ పున్నమికీ వస్తుందని ఊరంతా అనేది. మామ్మ ఆ మాట ఒప్పుకోలేదు. వేళ్ల సందులు ఒరిసిపోయాకే జ్వరం వస్తోందని తనంతట తనే కనిపెట్టింది. అప్పటి నుంచి రాత్రిపూట పడుకోబోయే ముందు కాలు సబ్బుతో కడిగి, పాత పంచె ముక్కతో వేలు వేలు విడదీసి తడి లేకుండా ఒత్తుకునేది. మంచం కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించింది. జ్వరాలు రావడం బాగా తగ్గింది. ఇంట్లో వాళ్లం దాన్ని చాదస్తం అన్నాం.

అదే సంగతిని వైద్యశాస్త్రం 1990ల్లో గానీ గట్టిగా పట్టుకోలేదు. బ్రెజిల్‌లోని రెసీఫీ నగరంలో డాక్టర్ జెరూసా డ్రేయర్ తన రోగుల కాళ్లను ఓపికగా చూసి, ఈ జ్వరాలకి మూలం చాలా వరకు పురుగు కాదనీ, పగుళ్లలోంచి, వేళ్ల సందుల్లోంచి లోపలికి పోయే బాక్టీరియా అనీ చెప్పింది. కడగడం, ఆరబెట్టుకోవడం, కాలు ఎత్తి పెట్టుకోవడం, చీలమండ ఆడించడం, ఇదే ఆవిడ చికిత్స. రోగులంతా ఒకచోట కూడి ఒకరికొకరు నేర్పుకునే ఆశా క్లబ్బులు పెట్టింది. కేరళలో షెనాయ్, సుమ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి పెన్సిలిన్, కొందరికి డీఈసీ, కొందరికి ఉత్త బిళ్లలు ఇచ్చి, అందరి చేతా పాదాల సంరక్షణ చేయించారు. కాలిని శుభ్రంగా చూసుకోవడంతోనే జ్వరాలు బాగా తగ్గాయి. డీఈసీ వల్ల ఆ జ్వరాలకి అదనపు మేలు కనబడలేదు. ఇవేవీ వినకుండానే మామ్మ వెళ్లిపోయింది.

సుబ్బారావు పేరు వీధులకీ పార్కులకీ పెట్టుకోవాలి, 1995లో తపాలా బిళ్ల వేసినట్టు ఇంకా ఎన్నో చెయ్యాలి. కానీ కాలు కడిగి ఆరబెట్టుకోవడమనే ఈ రెండో ఆవిష్కరణకి మన దగ్గర ఆ గౌరవం దక్కలేదు. అందులో కంపెనీ అమ్ముకునేది ఏమీ లేదు కదా, ఒక బకెట్టు, ఒక మగ్గు, సబ్బు, పొడి బట్ట. 2004లో ఏటా ఒక రోజు ఊరూరా డీఈసీ బిళ్లలు మింగించడం మొదలైంది. తర్వాత దానికి ఆల్బెండజోల్ జత చేశారు. అది కొత్తవాళ్లకి జబ్బు సోకకుండా ఆపడానికి, తప్పక మింగాలి. ఇప్పటికే కాలు వాచినవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే టబ్బు, మగ్గు, తువ్వాలు, లేపనం ఉన్న సంచీ చేతికి ఇచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోతే సగం పనే అయినట్టు. మొదటిసారి ఎవరో ఒకరు పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, ఆ కాలిని తమ చేతుల్లోకి తీసుకుని, వేలు వేలు కడిగి చూపించాలి. ఆశా కార్యకర్తకి ఆ పని నేర్పి, దానికి తగిన డబ్బు ఇవ్వాలి.