కొండకోటలు, కప్పము, ఎల్ల: 1799 నాటి మైసూరు రక్షణ వ్యవస్థయు పావగడ సీమయు

మంగళవాడ గల పావగడ తాలూకాకు మూడు దిక్కుల ఆంధ్రదేశమే కలదు. దానికి దక్షిణమున నున్న మడకశిర ఆంధ్రదేశములోనిదయ్యు, మూడు వైపుల కన్నడ సీమచే చుట్టబడియున్నది. భాషను బట్టి గాని నదిని బట్టి గాని ఏర్పడని యీ వంకర ఎల్లకు మూలము వెదకినచో 1799 నాటి సైనికాలోచనలే మనకు దొరకును.

ఆ యేడు మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలెను. టిప్పు సుల్తాను మరణించెను. కుంఫిణీవారును నైజామును రాజ్యమును పంచుకొని, నడిమి భాగమును అయిదేండ్ల బాలుడగు ముమ్మడి కృష్ణరాజ ఒడయరున కిచ్చిరి. ఈ పంపకమున గవర్నరు జనరలు మార్నింగ్టను ప్రభువు చూపిన జాగ్రత్త గమనింపదగినది. నైజామునకు గుత్తి, గుఱ్ఱంకొండ సీమలును, చిత్రదుర్గము, సిరా, నందిదుర్గము, కోలారు కోటల వరుస చెంతగల భూమియు లభించెను గాని ఆ కోటలు మాత్రము లభింపలేదు. అవి కూడ నిచ్చినచో నైజాము సరిహద్దు మిక్కిలి బలపడునని ఆయన లండనులోని డైరెక్టర్లకు విన్నవించెను. నైజాము ఆనాడు కుంఫిణీకి మిత్రుడే! మిత్రునకు పంటభూమి నీయవచ్చును గాని కొండకోట నీయరాదని ఆయన తలంపు కాబోలు.

పావగడ యీ వరుసకు ఉత్తరముగ ముందుకు చొచ్చుకొనియు మైసూరు పాలననే నిలిచెను. పావగడయు నిడుగల్లును పూర్వము నుండి కొండకోటలే. నిడుగల్లు చోళులను తెలుగు చోడశాఖ కాలము నుండియు ఈ గుట్టలకు సైనికమైన విలువ కలదు.

ఎల్ల యేర్పడినది, దానిని కాచువారెవరు? 1799 జూలై 8 నాటి ఒడంబడిక ప్రకారము కుంఫిణీ సైన్యము మైసూరును రక్షింపవలెను. మైసూరు అందులకు ఏటేట 7 లక్షల స్టారు వరహాలు చెల్లింపవలెను. తమకు వలసిన కోటలలో కుంఫిణీవారు దండు నిలుపవచ్చును. ఇతర రాజ్యములతో ఉత్తర ప్రత్యుత్తరములకు వారి అనుమతి కావలెను. పైకము నిలిచిపోవునను భయము కలిగినచో రాజ్యపాలననే వారు చేపట్టవచ్చును. సొమ్ము మైసూరుది, ఆజ్ఞ కలకత్తాది.

ఇంతలో మఱియొక వింత జరిగెను. 1800 అక్టోబరు 12న నైజాము తన పాలికి వచ్చిన సీమలను కుంఫిణీకి ధారపోసెను. అవే దత్తమండలములు. మన్రో దొర అచ్చటి పాళెగాండ్రను అణచివేసెను. ఎవనికి వెఱచి కోటలు దాచుకొనిరో అతడు పొరుగున లేకుండ పోయెను. ఎల్లకు రెండు వైపులను కుంఫిణీ దండే నిలిచెను. కోటలకు పని తప్పినను ఎల్ల మాత్రము చెదరలేదు.

సొంత సైన్యము మైసూరునకు లేకపోలేదు. 1803 మరాఠా యుద్ధమున మైసూరు రౌతులు ఆర్థరు వెల్లెస్లీ వెంట నడచిరి. యుద్ధకాలమున మైసూరు ఎంత సాయము చేయవలెనో మొదటి ఒడంబడికలో స్పష్టముగ లేకుండెను. దానిని 1807 జనవరిలో 4,000 గుఱ్ఱపు దళముగ నిర్ణయించిరి. అందు ఇంచుమించు 500 మంది సర్కారు గుఱ్ఱములు గల బారుగీరులు. తక్కినవారు సొంత గుఱ్ఱములు గల సిలేదారులు. దివాను పూర్ణయ్య టిప్పు సైన్యమున పని కోల్పోయిన భటులలో పలువురను కందాచారమను గ్రామబంటుల దళమున చేర్చెను. నిరుద్యోగ భటులు దోపిడికి దిగకుండ జేసిన యీ యేర్పాటు, పై ఒడంబడికలన్నిటికంటె గ్రామస్థులకు ఎక్కువ మేలు చేసెననవచ్చును.

పైకమును గూర్చిన నిబంధన 1831లో ప్రయోగింపబడెను. నగర తిరుగుబాటు పిదప బెంటింకు ప్రభువు పాలనను చేపట్టెను. తనకంత అధికారము కలదా యని ఆయనయే తరువాత సందేహించెను. అయినను రాజ్యము మరలివచ్చుటకు 50 ఏండ్లు పట్టెను.

1881లో రాజ్యము నప్పగించునపుడు కప్పమును 24½ లక్షల రూపాయల నుండి 35 లక్షలకు పెంచిరి. ఆ హెచ్చు భాగము వసూలు మాత్రము 1896 వఱకు ఆగెను. సైన్యపు లెక్కను గవర్నరు జనరలు నిర్ణయించును. క్రొత్త కోట కట్టుటకే కాదు, పాత కోట గోడను బాగుచేయుటకును అనుమతి కావలెను. ఇట్టి సంస్థానపు లాన్సర్లే 1918 సెప్టెంబరు 23న, జోధపురము లాన్సర్లతో గూడి, హైఫా పట్టణమును జయించిరి. కడలి కావలి హైఫాను గెలిచిన దళము గల రాజ్యమునకు తన గుట్టమీది గోడకు సున్నము పెట్టుకొను స్వాతంత్ర్యము లేకుండెను.

1947లో సార్వభౌమాధికారముతో పాటు ఆ ఒడంబడికలును అంతరించెను. 1950లో సంస్థాన దళములు భారత సైన్యమున కలిసెను. 1956లో రాష్ట్రములు భాషలను బట్టి పునర్వ్యవస్థీకరింపబడినప్పుడును పావగడ మైసూరునందును మడకశిర ఆంధ్రప్రదేశమునందును నిలిచెను.