అన్నం పెట్టిన వాకిట్లోనే మన చరిత్ర

చింతలపూడి మామిడి తోటలు దాటి సత్తుపల్లి, కొత్తగూడెం మీదుగా వెళితే గోదావరి పక్కన మణుగూరు వస్తుంది. ఆ మండలంలోని కూనవరంలో సకిని రామచంద్రయ్య ఉండేవారు. ఆయన డోలి కోయ. కంచు తాళంతో పాడే కంచుమేళం కళాకారుడు. చదువు రాదు. కోయ భాషలోనూ తెలుగులోనూ మన వీరుల కథలు పాడేవారు. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఆ పేరు అప్పుడు పత్రికల్లో పడింది కానీ, కోయ గూడేల వాకిళ్లకు ఆ గొంతు ఎప్పటి నుంచో తెలుసు.

డోలీలు కోయలకు పాట పాడేవారు మాత్రమే అనుకుంటే పొరపాటు. వారు మన చరిత్రకారులు. కోయలకు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గట్లు ఉన్నాయి. ఏ గట్టుకు ఏ వేల్పు, ఏ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరితో వియ్యం కలుస్తుంది అన్న సంగతులు డోలి పాటలో ఉంటాయి. పెళ్లి, చావు, వేల్పుల కొలుపు వచ్చినప్పుడు వారిని పిలుస్తారు. బొమ్మలున్న గుడ్డ పడిగె ముందుంచి కథ చెబుతారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, నాగులమ్మ ఇలాగే మన దాకా వచ్చారు.

ఆ పాటకు టిక్కెట్టు లేదు. పిలిచిన ఇల్లు అన్నం పెట్టాలి, ధాన్యమో డబ్బో ఇవ్వాలి. అది బిచ్చం కాదు, డోలి హక్కు. ఆదిలాబాద్ గోండులకూ పర్ధానులకూ మధ్య ఇలాంటి కట్టుబాటే ఉంది. కిక్రి వాయిస్తూ పర్ధాను పాడే కథల్లోనే గోండుల పురాణం నిలిచిందని 1940లలో అక్కడ తిరిగిన హైమండార్ఫ్ రాశాడు.

ఇంటి వాకిట్లో పాడడంలో ఒక గట్టి మేలు ఉంది. వినేవాళ్లు ఆ కథకు వారసులు. పాటలో వచ్చే పేర్లు వారి తాతలవి. తప్పు దొర్లితే ఒక ముసలమ్మ అక్కడే అడ్డు చెప్పగలదు. తెల్లవార్లూ పాడినా కాలం కొలిచేవారు లేరు. సభల్లో పది నిమిషాలిచ్చి దండ వేస్తారు. అక్కడ చప్పట్లు దొరుకుతాయి, సరిదిద్దేవారు దొరకరు. వేదిక కళను చూపించగలదు, వంశాన్ని గుర్తుంచుకోలేదు.

2024 జూన్‌లో రామచంద్రయ్య కన్నుమూశారు. రాసి పెట్టని చరిత్రలో ఒక మనిషి పోతే ఎంత పోతుందో చెప్పనక్కర్లేదు.

ఈ మాట ఇటువైపు వాళ్లకు ఇంకా దగ్గరిది. 2014లో కుకునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పోలవరం ముంపు వల్ల కోయలు, కొండరెడ్లు గూడేలు వదిలి పునరావాస కాలనీలకు వస్తున్నారు. కొందరు చింతలపూడికి దగ్గర్లోని జంగారెడ్డిగూడెం వైపే చేరారు. ఇంటికి బదులు ఇల్లు లెక్కలో ఉంటుంది. ఒకే గట్టువాళ్లు కలిసి కూర్చునే వాకిలి ఏ లెక్కలోనూ ఉండదు. వాకిలి చెదిరితే డోలి ఎవరి పేరు పాడాలి?

అందుకే యువతకూ ఉపాధ్యాయులకూ ఒక మనవి. ఆదివాసీ దినోత్సవం ఆగస్టు 9న వేదిక కట్టడం మంచిదే. దానితో ఆగవద్దు. కథ తెలిసిన పెద్దను ఒక రాత్రి ఇంటికి పిలవండి. ముందు అన్నం పెట్టండి. మీ గట్టు పెద్దల్ని, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టండి. ఆయన ఒప్పుకుంటే ఫోనులో మొత్తం పాట రికార్డు చేయండి. పేర్లు, ఊర్లు కోయ భాషలోనే తెలుగు లిపిలో రాసుకోండి. బడిలో ఆ కథను పిల్లల చేత చెప్పించండి. వెళ్లేటప్పుడు ఆయన హక్కు ఆయన చేతిలో పెట్టండి.

మన తాతలు చరిత్ర పుస్తకాలు కొనలేదు. చరిత్రకు అన్నం పెట్టి బతికించుకున్నారు. ఇప్పుడు వడ్డించే వంతు మనది.