కళ్లము విడిచి వచ్చినవారు



వినుకొండకు ఆ పేరెట్లు వచ్చెనో ఈ ప్రాంతపువారందరు చెప్పగలరు. సీతను రావణుడు కొనిపోయిన వార్తను రాముడు ఇచ్చట వినెననియు, విన్న కొండ గనుక వినుకొండ అయ్యెననియు పెద్దల మాట. మన పితరులు ఈ కొండ నీడను మరియొక వార్త వినిరి. విని, దాని కొరకు ఒకటి విడిచిరి. వారు వినినదానిని గూర్చి మన కూటములలో ఎంతయో చెప్పుకొందుము గాని విడిచినదానిని గూర్చి చెప్పుకొనునది తక్కువ. ఈ నెల దానిని గూర్చియే వ్రాయుచున్నాను.

2022లో పల్నాడు జిల్లాలో చేరిన మన వినుకొండ, 1883 వరకు మిషను లెక్కలలో ఒంగోలు క్షేత్రములోని భాగమే. కాబట్టి ఒంగోలునుండి మొదలుపెట్టవలెను.

అమెరికను బాప్తిస్టు మిషనువారి శామ్యూల్ డే దొర 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో నిలిచెను. ఏండ్లు గడిచెను గాని, ఫలము బహు స్వల్పము. తెలుగు మిషనును మూసివేయుదమా అను మాట అమెరికాలోని పెద్దల సభలలో ఒకసారి కాదు, మూడుసార్లు లేచెను. పటము మీద తెలుగు దేశమంతటికి వారికున్నది ఒక్క చుక్క. ఒంటి చుక్క మిషను అనియే దానికి పేరు పడెను. అట్టి దినములలో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, వారితోకూడ తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. గడచిన ఏండ్ల లెక్క తీసినయెడల వారు ఆ కొండ ఎక్కుటకు కారణమేమియు కనబడదు. ఆ లెక్కను క్రిందనే విడిచి ఎక్కిరి. పండ్రెండేండ్లు కనిపెట్టిన పిమ్మట, 1866లో, జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టెను. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అచ్చట సంఘము ఏర్పడెను.

ఆ కాలముననే ఎర్రగుంట్ల పేరయ్యగారు కనబడుదురు. ఆయన మాదిగ కులములో పుట్టినవారు. తోళ్ల వర్తకము మీద ఉత్తరాదికి పోయి వచ్చువారు. యోగమార్గమున బహుకాలము దేవుని వెదకినవారు. ఏలూరు ప్రాంతమున సువార్త విని, తన వారికి తానే మొదట ప్రకటించిరి. ఒంగోలుకు ఇంచుమించు నలువది మైళ్ల దూరముననున్న ఆయన గ్రామమునకు 1867 జనవరిలో క్లౌ దొర వెళ్లి, కొన్ని దినములు బోధించి, 28 మందికి బాప్తిస్మమిచ్చెను.

ఆ బాప్తిస్మముతో వారికేమి పోయెనో నిదానముగా చూడుడి. మాదిగవాడు రైతుకు చెప్పులు కుట్టవలెను. కపిల బావికి తోలు బాన కుట్టవలెను. ఊరి కొలుపులో డప్పు వాయింపవలెను. చచ్చిన పశువును లాగివేయవలెను. దాని మాంసమే అతనికి విందు. పని ఎప్పుడు చెప్పిన అప్పుడే రావలెను. ఇందుకు ప్రతిగా పంట నూర్చిన దినమున కళ్లములో అతనికి మేర అని కొన్ని గింజలు కొలిచి వేయుదురు. అది చాలని కూలి, అవమానముతో పెట్టిన కూలి. అయినను ఏటేట తప్పక వచ్చునది. తాత తిన్న మేర, తండ్రి తిన్న మేర. ఆ గింజలను నమ్ముకొనియే పిల్లలకు పెండ్లిండ్లు చేసిరి, అప్పులు తెచ్చిరి.

విశ్వాసులకు చెప్పబడిన నియమములు మూడు. ఆదివారమున పని చేయరాదు, చచ్చినదాని మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు ఇవి చిన్నవే. కాని ఆదివారము బాన చినిగినయెడల రైతు పిలిచిన పలుకువాడు లేడు. కొలుపు నాడు డప్పు మ్రోగదు. డప్పు మ్రోగనిచో కళ్లములో మేర లేదు. కొన్ని ఊళ్లలో నీళ్లు సహా ఆపిరి, లేనిపోని నేరములు మోపిరి. అక్షరము రాని ఆ మనుష్యుడు వట్టి చేటతో కళ్లము విడిచి ఇంటికి నడచి వచ్చుటను తలంచుకొనుడి. గుమ్మములో భార్య నిలుచున్నది. రేపటి గంజికి అతని యొద్దనున్నది ఒక వాగ్దానము మాత్రమే.

ఇచ్చట ఒక మాట. డప్పు పాపమని నేను తలంచను. ఆ వాద్యమును అంత చక్కగా వాయించిన చేతులు దేవుడిచ్చినవే. వారు విడిచినది కొలుపును, వెట్టిని. తోలును, కఱ్ఱను మనము తరువాత ఎందుకు అసహ్యించుకొంటిమో నాకు బోధపడదు.

క్లౌ దొరకును విడువవలసినది వచ్చెను. ఒంగోలులోని పెద్ద కులములవారు ఆయన బడికి పిల్లలను పంపుచు స్నేహముగా నుండిరి. మాదిగలను చేర్చుకొనినచో మేము రామని వారు తెలియజేసినప్పుడు దొర మిక్కిలి కలవరపడెను. దొరయు దొరసానియు ఒకరికి తెలియక ఒకరు బైబిలు తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో దేవుడు బలహీనులను ఏర్పరచుకొనుటను గూర్చిన వచనములే ఇద్దరికిని తగిలెనట. దొర మాదిగలను విడువలేదు.

తరువాత ధాత కరువు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు ఈ సీమ ఎండిపోయెను. క్లౌ దొర పూర్వము అమెరికాలో భూమి కొలత పని చేసినవాడు గనుక, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలమందికి కూలి కల్పించెను. మన బోధకులే అచ్చట మేస్త్రీలు. జనులు మన్ను మోయుచు, విశ్రాంతి వేళ వాక్యము వినిరి. బాప్తిస్మమడిగినవారికి మాత్రము ఇంచుమించు పదునైదు నెలలు ఇవ్వలేదు. కూలికొరకు కలిసిరన్న నింద రాకూడదని ఆయన తలంపు. సహాయపు పనులు ముగిసి, ఇక ఇచ్చుటకు డబ్బు లేనప్పుడు వారు మరల వచ్చిరి. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి ఇచ్చిరి. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606. ఆ నీరు మన వినుకొండ సీమ మీదుగా పారినదే.

బియ్యపు క్రైస్తవులని వారిని ఎగతాళి చేసినవారు అప్పుడుండిరి, ఇప్పుడును ఉన్నారు. కడుపు ఆకలి ఎచ్చట ముగిసి ఆత్మ ఆకలి ఎచ్చట మొదలాయెనో గీత గీయగలవాడెవడు? నేను గీయలేను. డబ్బు ముగిసిన తరువాత వచ్చిరన్నది మాత్రము ఎరుగుదును.

సహోదరులారా, ఇప్పుడు మన సంగతి. 2,222 అను అంకెను మన పిల్లలు కూడ అప్పగింతురు. పండుగలలో దానిని చెప్పుకొని తృప్తిపడి ఇండ్లకు పోవుదుము. నిర్గమకాండము పదునారవ అధ్యాయమును చదువుడి. మన్నా దేవుడిచ్చినదే, అయినను మరునాటికి దాచుకొనినది పురుగుపట్టి కంపుకొట్టెను. తరతరములవారు చూచుటకు మాత్రము ఒక ఓమెరు పాత్రలో ఉంచబడెను. దానిని ఎవరును తినలేదు. 1878ని మనము పాత్రలో ఉంచితిమా, పళ్లెములో పెట్టుకొంటిమా?

నేను ఈ ప్రశ్న అడుగుటకు తగినవాడనో కాదో చెప్పవలసియున్నది. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను పీల్చివేసినప్పుడు మా సంఘములోని ఒక రైతు ఎకరములకు ఎకరములు పీకివేసెను. తరువాత ఏ మాట మొదలుపెట్టినను ఆ యేటి అప్పు దగ్గరకే వచ్చును. పంట వేయుటకు కాలు ముందుకు పడదు. ఒక సాయంకాలము ఆయన అరుగు మీద కూర్చుండి, మేర విడిచిన మన తాతల కథ చెప్పితిని. ఆయన అంతయు విని, నెమ్మదిగా, “బాగానే ఉందయ్యగారూ. వాళ్లు వదిలారు. మరి మీరేం వదిలారు?” అనెను.

నేను జవాబియ్యలేదు. మా ఇంట అటక మీద ఒక కాగితముల కట్ట కలదు. పూర్వము నేను పనిచేసిన ఒకచోట నాకు అన్యాయము జరిగెనని నేను వ్రాసిన అర్జీల నకళ్లు, వచ్చిన జవాబులు, రాని జవాబుల తేదీలు. పండ్రెండేండ్లుగా ఇల్లు మారినప్పుడెల్ల బైబిళ్లతోపాటు దానిని జాగ్రత్తగా మోసితిని. ఎప్పుడైన పనికివచ్చునని.

ఆ రాత్రి నిచ్చెన వేసి దానిని దించితిని. మా ఇంటామె ఏమని అడుగలేదు. తెల్లవారి నీళ్ల పొయ్యి రాజేయుటకు దానిని ఇచ్చితిని. కొన్ని కాగితములు చెమ్మకు అంటుకొని త్వరగా మండలేదు. ఆమె వాటిని ఒక్కొక్కటిగా విడదీసి వేసెను. ఆ రైతు మరుసటి వానలకు అర ఎకరము మిరప నాటెను. నేను నారు అందించితిని.