గంప కింది కోడిపెట్ట

జెర ఆ మొద్దు లోపటికి జరుపురా, పొగొస్తుంది. ఇగ చెప్పు, గా మొకమేంది? కొత్త నౌకరీ వీసాకు కంపెనీ లచ్చ డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబర్‌ల అమెరికోళ్లు అన్నరనే గదా? దానికంటే ముందు ఆగస్టుల మన సరుకు మీద 50 శాతం సుంకమేస్తే భీమవరం దిక్కు రొయ్యల చెర్లోళ్లు లబోదిబోమన్నరు. దేశాలన్నీ తలుపులేసుకుంటున్నయి, లోకం పనైపోయింది అంటున్నవు.

లోకం పనైపోవుడు నేను శాన మాట్ల చూసిన బిడ్డా. 1962 ఫిబ్రవరిల అష్టగ్రహ కూటమి అన్నరు. ఎనిమిది గ్రహాలు మకర రాశిల కూడుతయి, ఇగ ప్రళయమే అన్నరు. నేను బడిపోరన్ని. ఎక్కడ చూసినా భజనలు, హోమాలు. ఏం కాలే.

1979ల స్కైలాబ్ వచ్చింది. అమెరికోడు ఆకాశంల పెట్టిన 70 టన్నుల పైన యంత్రం, ఎక్కడ పడుతదో ఎవనికీ తెల్వదు. గప్పుడు మన హయత్‌నగర్ అంటే పల్లెనే. పొయ్యేటోళ్లం తిననన్న తిందామని మేకలు కోసిండ్రు, ఉద్దెర పెట్టి కల్లు తాగిండ్రు. మా నాయిన మూడు కోళ్లు కోసిండు. నాలుగోదాన్ని పట్టబోతే మా అమ్మ దాని మీద గంప కమ్మి, ఆ పక్కనే కాళ్లు చాపుకొని కూసున్నది. "పడితే పడుతది. పడకపోతే పొద్దుగాల గుడ్డెవడు పెడ్తడు?" అన్నది.

జులై 11 రాత్రి ఎవ్వలం పండలే. అది పొయ్యి సముద్రంల, ఆస్ట్రేలియా ఎడారి దిక్కు పడ్డది. మా వాకిట్ల పడ్డది మాత్రం కల్లు దుకాణమాయన బాకీ!

నవ్వకు. ఇగ నీ తలుపుల ముచ్చటకొస్త. మనూరి ముంగట విజయవాడ రోడ్డున్నది గద, గోల్కొండ నుంచి బందరుకు పొయ్యే పాత తొవ్వ అటే. మనూరి పేరు హయత్ బక్షీ బేగందే, గోల్కొండ సుల్తాను బిడ్డ. మనూరి పాత మసీదు చుట్టూ ఉన్న కమాన్ల అర్రలు బాటసారులు దిగే సరాయి. బందరుల డచ్చోళ్లు 1605ల, ఇంగ్లీషోళ్లు 1611ల కొఠీలు పెట్టిండ్రు. మన కలంకారీ బట్ట ఓడెక్కి ఇరాన్‌కు, ఐరోపాకు పొయ్యేది. గా కాలానికి గదే ప్రపంచ బజారు. 1687ల గోల్కొండ ఔరంగజేబు చేతికి పాయె. ఓడలు మెల్లమెల్లగ మద్రాసుకు మళ్లినయి. 1864ల గాలివానకు బందరుల, చుట్టుపక్కల 30 వేల మంది సచ్చిపోయిండ్రు. బందరోళ్లకు గదే యుగాంతం.

2020ల లాక్‌డౌన్ పెట్టిన్నాడు, మూటలు నెత్తిన పెట్టుకొని రోడ్ల పొంటి మనుషులు నడిచిండ్రు. గప్పుడు మన దర్వాజకు సొరకాయ తెచ్చిచ్చింది పక్కింటామె, అమెరికోడు కాదు.

అంటే తలుపులు మూసుకుంటయిరా, మళ్ల తెరుసుకుంటయి. ఎప్పుడన్నది మన చేతుల లేదు. తలుపు మొత్తం మూయకముందే దూరాలె, ఉన్న ప్లాటు అమ్మి పైసలియ్యి అంటున్నవు సూడు, గది స్కైలాబ్ నాటి దావతు లెక్కనే ఉన్నది. పోతనంటే వద్దనను. దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్‌కు పో, ఇంటర్వ్యూలకు పో. ప్లాటు మాత్రం గంప కిందనే ఉండని.

మొద్దు ఆరుతుంది, జెర ఊదు.